సాంచాల వాడలో గూఢచారి

గూఢచారికి ఉండకూడని లక్షణాలన్నీ నాకు పుట్టుకతోనే వచ్చాయి. నేను జగిత్యాల పాత బస్టాండులో గుసగుసలాడితే కొత్త బస్టాండులో కండక్టర్లు ఎవరో పిలుస్తున్నారని బస్సు ఆపుతారు. నా పొట్ట ఏ మలుపు దగ్గరైనా నాకంటే కొంచెం ముందు తిరుగుతుంది. తెలిసినవాళ్లు దానికి నమస్కారం పెట్టి, వెనక నేను వచ్చేదాకా ఆగుతారు. ఇక రహస్యమంటారా, అది నా కడుపులో పచ్చిపులుసు నిలిచినంత సేపు కూడా నిలవదు. అట్లాంటి నన్ను, కోరుట్లలో ఉండే మా అక్క ఒకరోజు పొద్దున్నే పిలిపించి, ఎవరికీ తెలియకుండా సిరిసిల్ల పోయి ఒక ఇంటి గుట్టు తెలుసుకొని రమ్మంది.

అక్క బిడ్డ కోరుట్లలోనే ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఎంత లావు మనిషి చేతిలోనైనా నరం దొరకబట్టగల పిల్ల. నా చేతిలో కూడా దొరకబట్టిందంటే ఇక ఆ ప్రజ్ఞకు వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆమెకు సిరిసిల్ల నుంచి ఒక సంబంధం వచ్చింది. సొంతంగా సాంచాలు నడిపే ఇల్లు. సాంచా అంటే కరెంటు మగ్గం, మా దిక్కు అందరూ అదే పేరుతో పిలుస్తారు. ఫోటో నచ్చింది, జాతకం నప్పింది, మాటలు ఒక కొలిక్కి వచ్చాయి. సరిగ్గా అప్పుడు ఎవరో దూరపు చుట్టం ఫోన్లో ఒక్క ముక్క వేసి పెట్టేసింది: "పిలగాడు మంచోడే గని, చెయ్యి జర దురుసట."

ఆ ఒక్క ముక్కతో అక్క తిండి తినడం మానేసింది.

"తమ్మీ, తాగుతడా, పేకాడుతడా అంటే ఎవలన్న చెప్తరు," అంది. "కోపమస్తే చెయ్యి లేస్తదా అని ఎవ్వలనడగాలెరా? ఆల్లమ్మనడిగితే చెప్తదా? రేపు నా బిడ్డ ఆ ఇంట్లకు వోయినంక తెలిస్తే ఏం జేస్తం?"

"బావను పంపరాదే," అన్నాను.

"మీ బావనా? సక్కగ పోయి దర్వాజ కొట్టి, మీ పోరడు ఆడోళ్లను కొడ్తడా అని అడుగుతడు. కొట్టడయ్యా అంటే, గట్లనా అని చాయ్ దాగి అస్తడు."

బావ అక్కడే కూర్చొని పేపరు చదువుతున్నాడు. పేపరు దించకుండానే, "అడిగితె తప్పేంది?" అన్నాడు.

అక్క ఆయన వైపు చూడనైనా చూడలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పైలంరా. నువ్వు అచ్చినవని ఆల్లకు తెల్వద్దు. నా పేరు తియ్యద్దు. నా బిడ్డ పేరు అసలే తియ్యద్దు. మనం అనుమానవడ్డమని తెలిస్తే ఈ సంబంధం పోతది. ఎందుకువోయిందని పదిమంది అడుగుతరు, ఇగ అచ్చే సంబంధాలు సుత ఆగుతయి. నిన్ను కోసి కారం వెట్టినా నోరిప్పద్దు."

లోపలి గదిలోంచి మేనకోడలి గొంతు వచ్చింది. "మామను పంపుతున్నవా అమ్మా? గంతకంటె మైకుల చెప్పియ్యరాదు!"

గూఢచారి అంటే గోడలు దూకేవాడు, తాళాలు తీసేవాడు అని లోకం అనుకుంటుంది. అదంతా సినిమా హాళ్లవాళ్లు కరెంటు బిల్లు కట్టుకోవడానికి చేసిన ప్రచారం. నిజానికి గూఢచారి పని కూర్చోవడం, చాయ్ తాగడం, ఎదుటివాడి నోరు దానంతట అది తెరుచుకునేదాకా తన నోరు మూసుకోవడం. కావాల్సిన ప్రశ్న ఎప్పుడూ అడగకూడదు. దాని పక్కింటి ప్రశ్న అడగాలి. పిలగాడి కోపం సంగతి కావాలంటే, ఈ వాడలో పనివాళ్లు నిలుస్తారా, మానేసి పోతారా అని అడగాలి. ఒక నోట విన్నది, ఆ నోటితో సంబంధం లేని ఇంకో నోట వినేదాకా నమ్మకూడదు. అన్నిటికీ మించి, నువ్వెవరో ముందే ఒక కథ అనుకొని, ఎవరడిగినా అదే కథ చెప్పాలి. మా దిక్కు పెళ్లిళ్లకు ముందు ప్రతి ఇల్లూ ఈ పని చేస్తుంది. దాన్ని ఆరా తీయడం అంటారు. రాజ్యాలు చేస్తే దానికి ఆఫీసులు, జీతాలు ఉంటాయి. మేం చేస్తే బస్సు కిరాయి మాత్రమే.

ఇన్ని తెలిసినవాణ్ణి, బస్సు కోరుట్ల దాటగానే వణకడం మొదలుపెట్టాను. దానికి కారణం ఉంది. నా చిన్నతనంలో మా దిక్కు ఈ పనికి ఇంకో పేరుండేది: ఇన్ఫార్మర్. ఆ మాటను ఇళ్లల్లో ఎవరూ గట్టిగా పలికేవాళ్లు కాదు. ఎవరింటికి ఎవరు వచ్చారో, ఎవరు ఎవరితో నిలబడి మాట్లాడారో అటు పోలీసుల వైపు నుంచీ, ఇటు నక్సలైట్ల వైపు నుంచీ ఎవరో ఒకరు చూస్తూనే ఉండేవాళ్లు. ఆ పేరు ఒక మనిషికి అంటుకుంటే, నిజమా అబద్ధమా అని అడిగే తీరిక ఎవరికీ ఉండేది కాదు. బుగ్గారం దిక్కు నుంచి మా ఇంటికి చింతపండు తెచ్చి అమ్మే ఒకాయన ఉండేవాడు. ఎవరో ఆయన మీద ఆ మాట వేశారు. ఆ తర్వాత ఆయన ఇంటికి తాళం కనిపించింది. ఆయన కనిపించలేదు. ఆ ఏడాది మా అమ్మ చింతపండు ఎవరి దగ్గరా కొనలేదు. ఎందుకని అడిగితే, "నోరు మూసుకొని తిను," అంది. అందుకే నాకిప్పటికీ కొత్త ఊళ్లో ఎవరైనా "నువ్వెవరు?" అని అడిగితే నాలుక మీద పుల్లగా తగులుతుంది.

వేములవాడలో బస్సు మారి సిరిసిల్లలో దిగాను. తంగళ్ళపల్లి నుంచి పనికి వచ్చేవాళ్లు సైకిళ్లు, బండ్ల మీద నా పక్క నుంచే పోతున్నారు. సాంచాల వాడలోకి అడుగు పెట్టగానే చప్పుడు చెవుల్లోంచి దూరి దవడ పండ్లను పలకరించింది. ప్రతి ఇంట్లో సాంచా, ప్రతి షెడ్డులో సాంచాల వరుస, టకటకా టకటకా. నేల, గోడలు, కిటికీ ఊచలు అన్నీ అదురుతున్నాయి. మాదీ సాలోళ్ల ఇల్లే, కానీ మా తాతతోనే మగ్గం పోయింది. నాకు తెలిసిన నేత పని అంతా లుంగీ కట్టుకోవడం వరకే. ఆ చప్పుడులో నిలబడి మొదట సంతోషించాను. గూఢచారికి ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? ఇక్కడ నేను ఒకరితో ఏం చెప్పినా పక్కవాడికి వినబడదు.

ఆ ధైర్యమే నా కొంప ముంచింది.

మొదట చాయ్ హోటలాయనను పట్టుకున్నాను. నేను బ్యాంకు ఉద్యోగినని, బదిలీ మీద వస్తున్నానని, కిరాయి ఇల్లు చూస్తున్నానని చెప్పాలి. అంతే చెప్పాలి. కానీ ఆయన కళ్లు పెద్దవి చేసి వింటుంటే నా నాలుక ఆగలేదు. చాయ్ సగం అయ్యేసరికి నేను బ్యాంకు మేనేజరునయ్యాను, చివరి గుక్కకు జిల్లా మొత్తానికి పెద్ద ఆఫీసరునయ్యాను. కొంచెం ముందుకు పోతే ఒకావిడ గుమ్మంలో కూర్చొని నూలు కండెలు చుడుతోంది. బ్యాంకు కథ అప్పటికే నాకు పాతబడిపోయింది. ఆమెతో, హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరునని, ఈ సాంచాలన్నీ చప్పుడు లేకుండా నడిచే మిషన్ కనిపెడుతున్నానని చెప్పాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "మంచిగున్నది సారూ," అంది. ఆ తర్వాత అరుగు మీద కూర్చున్న ఒక ముసలాయనతో, చిన్నప్పుడు తప్పిపోయిన మా బాబాయిని వెతుక్కుంటూ వచ్చానని చెప్పి కండ్లొత్తుకున్నాను. నిజంగానే నీళ్లొచ్చాయి. అంత బాగా చెప్పాను.

పిలగాడి ఇల్లు ఎదురుగానే ఉంది. ఆకుపచ్చ దర్వాజ, పక్కనే షెడ్డు. అక్కకు చూపిద్దామని ఫోన్ తీసి రెండు ఫోటోలు కొట్టాను.

అప్పుడే ఒక వింత గమనించాను. కండెలు చుట్టే ఆవిడ ఎదురింటి కిటికీ వైపు చెయ్యి తిప్పుతోంది. ముందు పొట్ట దగ్గర పెద్ద గుండ్రం గీసింది. తర్వాత రెండు చేతులూ కలిపి చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఊపింది. కిటికీలో మనిషి అదే గుండ్రం, అదే ఎత్తుకోవడం పక్క షెడ్డులోకి చూపించాడు. షెడ్డులోంచి ఇంకొకడు దాన్ని వీధి చివరికి పంపాడు. ఓహో, ఎవరి ఇంట్లోనో కడుపుతో ఉన్న పిల్లకు కాన్పు అయినట్టుంది, అనుకున్నాను. ఎంత కలిసిమెలిసిన వాడ! సంతోషం పట్టలేక, నన్నే చూస్తున్న ఆవిడకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, శుభం అన్నట్టు తలూపాను.

సాంచాల చప్పుడులో పుట్టి పెరిగినవాళ్లకు నోటితో పని ఉండదని నాకు తెలియదు. వాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు, పెదాలు చూసి చదువుకుంటారు. ఆ గుండ్రం ఎవరి కడుపూ కాదు, నా పొట్ట. ఆ ఎత్తుకోవడం కాన్పు కాదు. ఆ రోజుల్లోనే ఫోన్లలో ఒక వార్త తిరుగుతోంది, పిల్లలను ఎత్తుకపోయే ముఠా ఒకటి ఊళ్ల మీద పడ్డదని. నేను ముగ్గురికి చెప్పిన మూడు కథలు, నేను ఇంకా ముసలాయన ముందు కండ్లొత్తుకుంటుండగానే, వాడంతా కలుసుకొని ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి.

ముందు ఒక సాంచా ఆగింది. నేను పట్టించుకోలేదు. తర్వాత దాని పక్కది. తర్వాత ఎదురుగా. చప్పుడు ఒక్కో ఇంటి నుంచి తీసేస్తున్నట్టు తగ్గుతూ వచ్చింది. చివరి సాంచా ఆగేసరికి నా చెవులు గుయ్యిమన్నాయి. ఎక్కడో పంపు కింద బిందెలో నీళ్లు పడటం వినబడింది. పట్టపగలు, కరెంటు ఉండగా, సిరిసిల్లలో సాంచాలు ఆగితే ఆ నిశ్శబ్దం మనిషి మెడ మీద చెయ్యేసినట్టుంటుంది.

దర్వాజలు తెరుచుకున్నాయి. బనీన్లు, లుంగీలు, వెంట్రుకల నిండా దూది పోగులు. ఎవరూ పరుగెత్తలేదు. మెల్లగా వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఒకడి చేతిలో సాంచాకు వాడే కట్టె ఉంది.

"ఏడికెళ్లి అచ్చినవే?"

కోసి కారం పెట్టినా చెప్పొద్దంది అక్క. ఇప్పుడు ఆ రెండూ చేసేవాళ్లు ఎదురుగా ఉన్నారు. మా అక్క బిడ్డకు సంబంధం చూస్తున్నాం, ఆ ఆకుపచ్చ దర్వాజ ఇంటి గురించి అడగడానికి వచ్చాను అంటే వదిలేస్తారు. కానీ ఆ మాట వాడంతా వింటుంది. ఆ ఇంటి పిలగాడు కొట్టేవాడేమోనని కోరుట్లవాళ్లు మనిషిని పంపారని సాయంత్రానికి గంభీరావుపేట దాకా పోతుంది. మేనకోడలి పేరు ప్రతి నోట్లో పడుతుంది. నేను నోరు మూసుకున్నాను. జీవితంలో అదే మొదటిసారి. అది ఎంత తప్పు సమయమో చూడండి.

"బ్యాంకు సారట," అన్నాడు చాయ్ హోటలాయన.

"నాతోటి ఇంజనీరన్నడు!"

"చిన్నాయన తప్పిపోయిండని నా ముంగట ఏడిసిండు గదరా!" అన్నాడు ముసలాయన. ఆయన గొంతులోనే అందరికంటే ఎక్కువ కోపం ఉంది. నాతోపాటు ఆయన కూడా కండ్లొత్తుకున్నాడు మరి.

ఎవరో నా ఫోన్ లాక్కున్నారు. "అగో, ఇండ్ల ఫోటోలు తీసిండు!" ఆ మాటతో గుంపు ఒక్క అడుగు దగ్గరికొచ్చింది. ఒకడు తన ఫోన్ పైకెత్తి, "వీడియో తీస్తున్న, మొఖం ఇటు తిప్పుర్రి," అన్నాడు. "రెండు తగిలియ్యుర్రి, గప్పుడు నిజం చెప్తడు," అంది వెనకనుంచి ఒక గొంతు. ఆ గొంతు ఎవరిదో ఎవరూ చూడలేదు. అట్లాంటి గొంతుకు ఎప్పుడూ మనిషి ఉండడు, అదే భయం. బుగ్గారం చింతపండాయన నా నాలుక మీదికి వచ్చి కూర్చున్నాడు. కట్టె లేచింది.

అప్పుడు పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి నా ముంజేయిని పట్టుకుంది. పటకారు పట్టినట్టు పట్టుకుంది. తిరిగి చూశాను. ఫోటోలో తల దువ్వుకొని, పౌడరు రాసుకొని ఉన్నవాడు. ఇప్పుడు కనుబొమల మీద దూది. పిలగాడు. నేను ఎవరి గురించి ఆరా తీయడానికి వచ్చానో, వాడి చేతికే చిక్కాను. అక్క అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు నా చెంప మీద రాయబోతున్నారు.

వాడి ముఖం ఎర్రగా ఉంది. రెండో చెయ్యి లేచింది. నేను కళ్లు మూసుకున్నాను.

దెబ్బ పడలేదు. కళ్లు తెరిచేసరికి ఆ రెండో చెయ్యి ఎదుటివాడి కట్టెకు అడ్డం ఉంది.

"ఎవ్వలు ముట్టద్దు!" అరిచాడు. "పోలీసోళ్లకు ఫోన్ చెయ్యుర్రి. అచ్చేదాక నేనిడువ. గని ఎవ్వలు చెయ్యి వెయ్యద్దు!"

"నీకేంది నొప్పి? నీ చుట్టమా?"

"చుట్టమైనా గాకున్నా, ముందు అడుగుర్రి. కొట్టి అడుగుతే ఎవడైన ఏదైన ఒప్పుకుంటడు."

వాడు నన్ను కాపాడుతున్నాడో, పారిపోకుండా పట్టుకున్నాడో నాకు తెలియలేదు. వాడికీ తెలిసినట్టు లేదు. ఆ పట్టు మాత్రం సడలలేదు.

"ఏందిరా గిది? మా అన్నను వట్టుకున్నరేంది?"

ఆకుపచ్చ దర్వాజలోంచి ఒకామె కొంగు బిగించుకుంటూ వచ్చింది. గుంపు రెండు పాయలుగా చీలింది. ఆమె నా ముందు నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మా పెద్దమ్మ కొడుకు. నాతోటి అలిగి మాటలు బందువెట్టిండు. ఇప్పుడు కలుద్దామని అచ్చి, సిగ్గుకు పేరు చెప్పలేక గిట్ల దొంగలెక్క తిరుగుతుండు. ఏమే అన్నా, ఇంత బతుకు బతికి గీ వాడల దెబ్బలు తింటవా? గింత పంతమా నీకు?"

ఆ కథ ఎంత చక్కగా కుదిరిందంటే, నేను మూడు నోళ్లతో చెప్పిన అబద్ధాలన్నీ అందులో దూరిపోయి పడుకున్నాయి. నేను తల దించుకున్నాను. నటించనవసరం లేకపోయింది. "ముందుగాల చెప్తే ఏమాయె పెద్దమనిషీ," అంటూ ఎవరో ఫోన్ తెచ్చి నా జేబులో పెట్టారు. ముసలాయన మాత్రం, "చిన్నాయన కథ ఎందుకు చెప్పినట్టు మరి?" అని గొణుగుతూనే పోయాడు.

"ఇడువు కొడుకా, మామే," అందామె. పిలగాడు వదిలాడు. ముంజేయి మీద నాలుగు వేళ్లు, బొటనవేలు ముద్ర పడ్డాయి. "నువ్వు వోయి సాంచలు నడిపియ్యి," అని వాణ్ణి పంపించి, నన్ను లోపలికి తీసుకుపోయి చాయ్ ఇచ్చింది.

చాయ్ సగం కింద పోశాను. ఆమె తలుపు దగ్గరికి వేసి నా ఎదురుగా కూర్చుంది.

"కోరుట్ల పిల్లకు మేనమామవు గదా?"

మిగిలిన సగం కూడా పోయింది. "మీకెట్ల..."

"నా చీరెల మూట బస్టాండు దాక మోసినవు. గప్పుడే మర్సిపోయినవా?"

నా తల గిర్రున తిరిగింది. ఆ మధ్య అక్క ఇంటికి చీరలమ్మే ఆమె ఒకరు వచ్చింది. సిరిసిల్ల చీరలు, చవక. అక్క ఆమెను కూర్చోబెట్టి, చాయ్ పోసి, ఆమె మేనకోడలి అందచందాలు మెచ్చుకున్నకొద్దీ తన కడుపులోదంతా ఆమె ఒళ్లో పోసింది. పోయేటప్పుడు పాపం ఆడమనిషి, బరువు అని ఆ మూటను నేనే భుజాన వేసుకొని బస్సెక్కించాను. శత్రుదేశపు గూఢచారి సామాన్లు సరిహద్దు దాటేదాకా మోసిన వీరుణ్ణి చరిత్రలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

"మీ అక్క ఏమన్నదో యాదికున్నదా?" అందామె. "నా బిడ్డ నోట్ల నాలిక లేదు, కొట్టినా మారుమాట్లాడదు అన్నది. గా మాటకు నా పానం ఝల్లుమన్నది. గసొంటి పిల్ల మా ఇంటికి వద్దనుకొని మూట గట్టిన. గంతల నువ్వు ఇంకో చాయ్ అడిగినవు. లోపటికెళ్లి పిల్ల ఏమన్నది?"

గుర్తుంది. ఆ అరుపు ఎట్లా మరిచిపోతాను? "మామా, నీ షుగర్ రిపోర్టు రాసింది నేనే! మల్ల చక్కెర చాయ్ అన్నవంటే గా రిపోర్టు వాడకట్టంత సదివిపిస్త!"

"గా ఒక్క మాటకు నేను మల్ల కూసున్న," అందామె.

అప్పుడు ఆమె నవ్వలేదు. గొంతు తగ్గించింది. "మా ఆయిన చెయ్యి మంచిది కాకుండె. పోయిండు, పోయినోన్ని అనద్దు. నేను నోరు మూసుకొని బతికిన. నా కొడుకు గది సూసుకుంటనే పెరిగిండు. పోయినేడు పనోని మీదికి చెయ్యెత్తిండు. గా చెయ్యి, గా మొఖం, అచ్చం ఆల్ల నాయినే. నేను మధ్యల వోయిన. దించిండు. గని ఎత్తిండు గదా. గప్పటికెళ్లి నాకు నిద్ర లేదు. అచ్చే పిల్ల నాలెక్క నోరు మూసుకునేదైతే, గా చెయ్యి మల్ల లేస్తది."

అక్క ఏ భయంతో నన్ను ఇక్కడికి పంపిందో, ఈమె అదే భయంతో చీరల మూట ఎత్తుకొని అక్కడికి వచ్చింది. రెండు ఊళ్ల మధ్య బస్సుల్లో తిరిగింది ఒక్కటే ప్రశ్న.

ఆమె నా చెయ్యి వైపు చూసింది. "నువ్వు ఇయ్యాల ఆని చేతుల ఉన్నవు. ఆడు అంత కోపంల ఉన్నడు. పెంచి చెప్పకు అన్నా, తగ్గించి సుత చెప్పకు. గా చెయ్యి ఎట్లుండె?"

పెంచడానికి నా దగ్గర బోలెడు ఉంది. పటకారు, పాము, ఇనుప సంకెల, ఏదైనా చెప్పొచ్చు. ఒక్కటీ నోట్లోకి రాలేదు.

"వణికింది చెల్లే," అన్నాను. "నన్ను ఇడిచేదాక వణుకుతనే ఉండె."

నాకంటే వాడే ఎక్కువ భయపడ్డాడని నాకూ అప్పుడే అర్థమైంది. ఎవరికి భయపడ్డాడో ఆమెకు తెలుసు. గోడ అవతల ఒక సాంచా మొదలైంది.

కోరుట్లకు తిరిగి వచ్చి అక్కకు జరిగింది చెప్పాను, చీరల మూట సంగతి తప్ప. అది ఆ పిలగాడి తల్లీ నేనూ ఒకరికొకరం ఇచ్చుకున్న మాట. అక్క నేను చెప్పిన దేన్నైనా పావలా వంతు నమ్ముతుంది. "వాడంత సాంచలు బందువెట్టి నిన్ను సూసేతందుకు అచ్చిర్రా? నువ్వేమన్న మంత్రివా?" అంది. మేనకోడలు దగ్గరికొచ్చి నా చొక్కా చెయ్యి పైకి మడిచింది. రక్తం తీసేటప్పుడు పట్టుకున్నట్టు ముంజేయి పట్టుకొని, ఆ ముద్రలను అటూ ఇటూ తిప్పి చూసింది.

"గట్టిగనే పట్టిండు," అంది. "కొట్టిండా?"

"లేదు."

"ఎవల్నన్న కొట్టనిచ్చిండా?"

"లేదు."

చొక్కా చెయ్యి కిందికి దించి, బొత్తాం పెట్టింది. "రమ్మనుర్రి," అంది వాళ్లమ్మతో.

చూపుల రోజు వాళ్లు ఆటోలోంచి దిగగానే అక్క గుమ్మంలో బిగుసుకుపోయింది. చీరలమ్మే ఆమె పట్టుచీర కట్టుకొని ఎదురుగా నిలబడి ఉంది. అక్క ముఖంలో తాను చెప్పిన ప్రతి మాటా ఒక్కొక్కటే తిరిగి రావడం నేను చూశాను.

"మిమ్ముల ఏడనో సూసినట్టున్నది వదినే," అంది అక్క.

"సూసే ఉంటరు వదినే," అందామె. "మా వాడల సుత మీ తమ్ముని అసొంటాయిన ఒకాయన తిరిగిండు మరి."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఇద్దరూ ఒకేసారి, మంచినీళ్లు ఇవ్వలేదేమిటని బావ మీద పడ్డారు.

పిలగాడు నన్ను చూసి పాలిపోయాడు. కూర్చున్నంత సేపూ నా ముంజేయి వైపే చూశాడు. కాసేపటికి పెద్దలు పిల్లలిద్దరినీ మాట్లాడుకోమని గదిలోకి పంపారు. నేను మంచినీళ్లకని లేచి తలుపు వెనక నిలబడ్డాను. నా భుజం మీద ఎవరిదో ఊపిరి తగిలింది. అక్క. చీర కొంగు నోట్లో పెట్టుకొని ఉంది. తలుపు సందులోంచి చూస్తే గదికి అవతలి కిటికీ కనబడింది. దాని వెనక, అరటి చెట్టు చాటున, పట్టుచీర అంచు.

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత మేనకోడలి గొంతు, ల్యాబులో పేరు, వయసు అడిగినంత మామూలుగా:

"కోపమస్తే ఏం జేస్తరు?"

అక్క వేళ్లు నా భుజంలోకి దిగాయి. కిటికీ అవతల చీర అంచు కదలడం ఆగిపోయింది. ఇదే ప్రశ్న కోసం రెండిళ్లు మూటలు మోశాయి, బస్సులెక్కాయి, తన్నులు తినబోయాయి. పేపరు దించకుండా బావ అన్న మాట నాకు గుర్తొచ్చింది.

"సాంచ బందువెట్టి బయటికి పోత," అన్నాడు పిలగాడు.

"గది షెడ్డుల ముచ్చట. మరి ఇంట్లనైతే?"

ఆ రోజు వాడలో విన్నట్టే, బయట పంపు కింద బిందెలో నీళ్లు పడటం వినబడింది.

"నాకు భయమైతది," అన్నాడు. "మా నాయినలెక్క అయితనేమోనని. గందుకే బయటికి పోత. మీరు... మీరు సుత గట్టిగ చెప్పుర్రి. ఊకోకుర్రి."

"నేను ఊకోను," అంది మేనకోడలు. "మా మామనడుగుర్రి."

కిటికీ అవతల ఆమె కొంగుతో ముఖం కప్పుకొని గోడకు ఆనుకుంది. అక్క నా భుజం వదలలేదు. నాకు తుమ్ము వస్తోంది, ముక్కు నలుపుకుంటూ ఆపుకున్నాను. ఇంకా ఏం మాట్లాడతారో వినాలి.